అవ్వ అని రాసినందుకు

నేను రాయడం మొదలుపెట్టింది ముప్పై రెండో ఏట. అప్పటిదాకా రాయలేదా అంటే, రాసిన. పరీక్షలు రాసిన. డీఎస్సీ రాసిన. పాఠ్యపథకాలు రాసిన. వాడోళ్లకు పింఛన్ దరఖాస్తులు, రేషన్‌కార్డు అర్జీలు రాసిన. వేరేవాళ్ల పేరు మీద, వేరేవాళ్ల భాషలో ఎంత రాయమంటే అంత రాసిన. నాది అని చెప్పుకునే వాక్యం మాత్రం ఒక్కటి రాయలేదు.

ఇప్పుడు మీటింగుల దగ్గర చదువుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటరు. ‘సార్, రాయడానికి ధైర్యం ఎట్లొచ్చింది? మాకూ రాయాలని ఉంది గని భయమైతది’ అంటరు. ధైర్యం కొందరికి పుట్టుకతో వచ్చి, కొందరికి రాకుండ పోయే గుణం అన్నట్టు అడుగుతరు. నేను కూడా చాలా ఏండ్లు అట్లనే అనుకున్న. నాకు ధైర్యం లేదు, అందుకే రాస్తలేను అనుకున్న. అది అబద్ధమని తెలిసినంక ఈ నాలుగు మాటలు రాస్తున్న. ఈ భయం ఎక్కడిది, దీన్ని మన లోపల ఎవరు పెట్టిండ్రు అని అడగకుండ ధైర్యం గురించి మాట్లాడితే, మన మీద మనమే ఇంకో నేరం మోపుకున్నట్టయితది.

మాది సంగారెడ్డికి, పటాన్‌చెరుకు నడుమ ఒక పల్లె. ముంబై రోడ్డు మీద బస్సు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి నడవాలి. మా తాత లందలో తోళ్లు పదును చేసేటోడు. సున్నం, తంగేడు చెక్క, నీళ్లు. ఆయన చేతులు ఎప్పుడూ ఆ రంగుకే ఉండేటివని మా అవ్వ చెప్తది. మోటలు పోయి కరెంటు మోటర్లు, తోలు చెప్పులు పోయి రబ్బరు చెప్పులు వచ్చినంక లంద ఎండిపోయింది. అప్పటికే పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేచినయి. 1970లల్ల మొదలైన పారిశ్రామికవాడ తర్వాత బొల్లారం, పాశమైలారం దాకా పాకింది. పొలాలు పోయినోళ్లల్ల కొందరికి గేటు లోపల పని దొరికింది. పొలాలే లేనోళ్లకు గేటు బయట నిలబడే పని దొరికింది.

అవ్వ ఒక మందుల కంపెనీల, గుత్తేదారు కింద, డ్రమ్ములు కడిగింది. కార్డు లేదు, ఈఎస్ఐ లేదు. చేతులకు తొడుగులు ఇయ్యాలని ఆమెకు తెలిసింది నేను చెప్పినప్పుడే. ఆమె అరచేతులు పండుగనాడు పసుపు రాసుకున్నట్టు ఉండేటివి. వేళ్ల సందుల తోలు లేచిపోయేది. కారం తగిలితే మంట అని చెంచాతో బువ్వ తినేది. వాడల చెంచాతో తినేది మా అవ్వ ఒక్కతే. పిల్లలు ‘దొరసాని’ అని ఎక్కిరిచ్చేటోళ్లు. నేను వాళ్లతో కలిసి నవ్వేటోన్ని.

మా దిక్కు నీళ్ల గురించి మాత్రం దూరదేశం వాళ్లు రాసిండ్రు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి లెక్కలు అచ్చేసిండ్రు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చిండ్రు. ఆ మందు మింగే రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. కొన్నాళ్లకు ఆ సంగతి పేపర్ల చదివిన. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గయితది. ‘మా దిక్కు మీద కూడా రాసేదుందా!’ అనిపించింది. నీళ్లను తూచే విద్య వాళ్లకుంది. వాళ్ల పని వాళ్లు చేసిండ్రు. కంపెనీ గోడ లోపల ఆ మందులు ఎవరి చేతుల మీదికెల్లి కడుక్కపోతయో రాసుడు వాళ్ల పని కాదు. అది నాకు తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్న. ఎందుకు?

దానికి ఏడో తరగతి దాకా ఎనక్కి పోవాలె. తెలుగు సారు ‘మా ఇల్లు’ మీద రాసుకురమ్మన్నడు. ‘మా ఇంటి ఎనుక తాత లంద ఉన్నది. వానకాలం అండ్ల కప్పలు ఒర్రుతయి’ అని రాసిన. నాకు చాన నచ్చిన వాక్యాలవి. సారు వాటిని క్లాసుల చదివి నవ్విండు. ఆయన చెడ్డోడు కాదు. నా పరీక్ష ఫీజు కట్టిన మనిషి. ‘ఇట్లాంటివి రాస్తే మార్కులు పోతయి బిడ్డా’ అని ప్రేమగనే చెప్పిండు. క్లాసంతా నవ్వింది. లంద అంటే ఏందో తెలిసినోళ్లు ఇంకా ఎక్కువ నవ్విండ్రు. ఆ తర్వాత నేను ఏ పరీక్షల రాసినా మా ఇంటి ముందు మల్లెచెట్టు ఉండేది, ఎనుక పూలతోట ఉండేది. మార్కులు పదికి తొమ్మిదికి తగ్గలేదు.

మల్లెచెట్టు రాయడం నేర్చుకున్న పిల్లగాడు చదువులో పైకొస్తడు. రచయిత కాలేడు. ఎందుకంటే రాసుడంటేనే దాచుడు అని వాడికి అర్థమయింది. మన పిల్లల్లో ఎంతమంది ఇట్ల ఆగిపోయిండ్రో ఎవరు లెక్క తీసిండ్రు?

ఇక్కడ ఒక మాట చెప్పాలె. మా వాడకు ఏండ్లకోసారి డక్కలోళ్లు వచ్చేటోళ్లు. పటం విప్పి, బొమ్మ మీద బొమ్మ చూపిచ్చుకుంట జాంబపురాణం చెప్పేటోళ్లు. భూమి కంటే ముందే మా జాంబవంతుడు పుట్టిండని చెప్తుంటే మా తాత గోచిపాతతో కూసుండి రాజులెక్క తలూపేటోడు. నాట్లేసేటప్పుడు మా అవ్వ పాటను అప్పటికప్పుడు అల్లేది. పొద్దున పటేలు తిట్టిన తిట్టు పొద్దుమీకి పాటలోకి వచ్చేది. ఇదంతా నా కండ్ల ముందే ఉంది. కాని బడి నాకు ఇది సాహిత్యం కాదని చెప్పింది. చెప్పలేదు కూడా, దాని ఊసే ఎత్తలేదు. అందుకే రాద్దామని కూసున్న ప్రతిసారీ నేను మొట్టమొదటోన్ని అనుకున్న. ఎనుక ఎవరూ లేరనుకున్న. ఒంటరిగ నిలబడ్డోనికి భయమే అయితది. నేను మా ఇంట్లో మొదటి గ్రాడ్యుయేట్‌ని. మొదటి కథ చెప్పినోన్ని కాదు. ఈ రెండింటికీ తేడా తెలియనీకి నాకు ముప్పై ఏండ్లు పట్టింది.

1929లో వర్జీనియా వుల్ఫ్ అనే ఇంగ్లిషు రచయిత్రి, ఆడమనిషి రాయాలంటే సొంత గది ఉండాలె, ఏడాదికి 500 పౌండ్ల రాబడి ఉండాలె అన్నది. నిజమే. ఆకలితో రాయమని ఎవరినీ అనకూడదు. ఒకే అర్రలో ఆరుగురం పండుకున్నప్పుడు నేనూ అదే అనుకున్న. 2012 డీఎస్సీల తెలుగు పండిట్ ఉద్యోగం వచ్చింది. అవ్వను పని మాన్పించిన. రెండు గదుల ఇల్లు కట్టిన. జీతం ఉంది, తలుపుకు గొళ్లెం ఉంది. అయినా రాయలేదు. గది కావాలె గని గది చాలదు. ఆ గదిలోకి నాతోపాటు ఏడో తరగతి క్లాసు మొత్తం వచ్చి కూసున్నది. నేను కలం పట్టుకోంగనే నవ్వుడు మొదలుపెట్టేది.

స్టాఫ్‌రూముల నా కులం అందరికీ తెలుసు. సర్వీసు పుస్తకంలో ఉన్నది, రోస్టర్‌లో ఉన్నది. వాళ్లకు తెలుసని నాకు తెలుసు. అయినా నా నోటితో నేను చెప్పనంత కాలం వాళ్లు తెలియనట్టు ఉంటరు, నేను కూడా వాళ్లకు తెలియదన్నట్టు ఉంట. టిఫిన్ డబ్బాల నడుమ నడిచే ఒప్పందం అది. రాసుడంటే ఆ ఒప్పందం తెంచుకునుడు. నాకు ఓడిపోతానన్న భయం లేదు. బాగా రాయలేనేమో అన్న భయం కూడా పెద్దది కాదు. ‘అరె, ఇన్నాళ్లూ మంచిగనే ఉండె గద ఈయన’ అనే చూపు ఉంటది చూడండి, దానికి భయపడ్డ.

ఇక 2019 సంగతి. తెలంగాణ వచ్చినంక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేస్తున్నరు. జనం నోట్లో ఉన్నదే భాష అని జీవితాంతం వాదించిన మనిషి కాళోజీ. ఆ రోజు మా బళ్లె వ్యాసరచన పోటీ పెట్టిన. అంశం ‘మా అమ్మ’. ఎనిమిదో తరగతి పిల్ల ఒకామె ఒక పేజీ రాసింది. మొదటి వాక్యం ఇది: ‘మాయవ్వ కంపిన్ల డ్రమ్ములు కడుగుతది.’ రెండోది ఇది: ‘ఆమె చెయ్యి బువ్వ వాసన రాదు, గోలీల వాసన వస్తది, గందుకే మా చెల్లె ఆమె తినిపిస్తె తినది.’

నేను ఎర్రకలం తీసిన. ‘అవ్వ’కు సున్న చుట్టి ‘అమ్మ’ అని రాసిన. ‘కంపిన్ల’ కొట్టేసి ‘కంపెనీలో’. ‘కడుగుతది’ కొట్టేసి ‘కడుగుతుంది’. ‘బువ్వ’ కొట్టేసి ‘అన్నం’. ‘గందుకే’ కొట్టేసి ‘అందుకే’. పాఠ్యపుస్తకంలో అవ్వ అంటే ముసలామె. నేను పుట్టినప్పటి నుంచి మా అమ్మను అవ్వ అని పిలుస్తున్న. పదికి నాలుగు మార్కులేసిన. గైడులోని వాక్యాలు అప్పజెప్పిన పిల్లగానికి మొదటి బహుమతి ఇచ్చిన. సర్టిఫికెట్ మీద కాళోజీ బొమ్మ ఉంది. దాని కింద నా సంతకం ఉంది.

తర్వాత పరీక్షలల్ల అదే పిల్ల ‘తల్లి త్యాగమూర్తి, ఆమె రుణం తీర్చుకోలేనిది’ అని రాసింది. ఎనిమిది మార్కులేసి, ‘బాగా మెరుగుపడ్డావు’ అని పక్కన రాసిన. అది ఇంట్ల రాత్రిపూట దిద్దుతున్న పేపరు. తలెత్తి చూస్తే అవ్వ బువ్వ తింటున్నది. పని మాని ఆరేండ్లయింది. చేతులు మానినయి. చెంచా అలవాటు పోలేదు.

ఆ చెంచాను చూసి నా చెయ్యి ఆగింది. ఆ పిల్ల రాసింది తప్పు భాష అని నేను గీతలు కొట్టలేదు. నేను ముప్పై ఏండ్లు దాచిపెట్టిన మాటను పదమూడేండ్ల పిల్ల తెల్లకాగితం మీద పెట్టిందని కొట్టిన. నాకు తెలియక కాదు, తెలిసే. ఆ వాసన నాకు తెలుసు. ఏడో తరగతిల నా మీద నవ్విన సారుకు లంద తెలియదు, పాపం ఆయనకు ఆ సాకన్నా ఉంది. నాకు ఏ సాకు ఉంది?

అందుకే అంటున్న. భయపడి రాయకపోతే నష్టం మనదొక్కరిదే అనుకుంటం. కాదు. భయం ఒక్కదగ్గర కూసోదు, చేతులు మారుతది. రాయని పంతులు ఊకె ఉండడు, రాసేటోళ్ల మీద గీతలు కొడతడు. రాయని తండ్రి, రాస్తున్న బిడ్డను ‘ఇవన్నీ మనకెందుకు’ అంటడు. మన లోపల కూసున్న కాపలాదారు మనతోనే ఆగడు. కాబట్టి రాయాలా వద్దా అనేది నా ఇష్టాయిష్టాల ప్రశ్న కాదు. అది నీతి ప్రశ్న. ధైర్యం వచ్చేదాకా ఆగుత అనే హక్కు నాకు లేదు. ఎందుకంటే నేను ఆగిన ప్రతి దినం నా చేతిల ఎర్రకలం ఉంది.

ఆ రాత్రి పాఠ్యపథకం పుస్తకం ఎనుక పేజీల ఒక వాక్యం రాసిన. ‘మా అవ్వ చెంచాతో తింటది.’ చేతులు వణికినయి. ధైర్యం వచ్చి రాసింది కాదది. రాసినంక చాలా రోజులకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆ వరుసను మనం తలకిందులుగ నేర్చుకున్నం.

వచ్చిన ఆ కొంచెం ధైర్యం కూడా నా సొంతం కాదు, చేబదులు. జాషువా కూడా బడిపంతులుగా పనిచేసినవాడే. గుడి లోపలికి పోలేని మనిషి, గుడిలోకి పోగలిగే గబ్బిలంతో శివునికి కబురంపడం ఆయన 1941లో రాసిండు. మేఘంతో కబురంపిన కాళిదాసు దారినే పట్టుకుని, వాళ్లు కాపలా కాసుకున్న పద్యంలోనే రాసిండు. గేటు దగ్గర ఆయనను చీటీ అడిగిండ్రు, వాళ్ల చీటీ కంటే మంచి చీటీ చూపిచ్చిండు. మా ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌ల పుట్టిన గద్దర్ అసలు ఆ గేటు దిక్కే పోలేదు. అవ్వల పాటల బాణీలు ఎత్తుకుని నడిబజార్ల నిలబడ్డడు. తాండూరు దిక్కు మాదిగవాడ మాటను గోగు శ్యామల కథలల్లకు తెచ్చింది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగినంక మనోళ్లు రాసినదాన్ని చూసి తెలుగు సాహిత్యం తన లెక్కలు మళ్లా చేసుకోవాల్సొచ్చింది. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం కొట్లాడిండు, ఆయనకు దండం. కాని పత్రికలల్ల, పుస్తకాలల్ల నిలబడ్డది శిష్టుల వాడుక. మా వాడ వాడుక బయటనే ఉండిపోయింది. దాన్ని లోపలికి తెచ్చినోళ్లు వీళ్లు. వీళ్లకు నేను బాకీ ఉన్న.

పటాన్‌చెరు నుంచి లింగంపల్లి మీదుగ పోతే గచ్చిబౌలిల హైదరాబాద్ యూనివర్సిటీ వస్తది. మా దిక్కు పిల్లలు అక్కడ సీటు వస్తే పండుగ చేసుకుంటరు. 2016 జనవరి 17న అక్కడ రోహిత్ వేముల చనిపోయిండు. తను రచయిత కావాలనుకున్నడు. కార్ల్ సాగన్ లెక్క నక్షత్రాల గురించి, సైన్సు గురించి రాయాలనుకున్నడు. చివరికి ఆ ఉత్తరమొక్కటే రాయగలిగిన అని ఆ ఉత్తరంలనే చెప్పుకున్నడు. దాన్ని నేను పాఠం చెప్పి వచ్చి స్టాఫ్‌రూముల చదివిన. ఎవరు ఏమన్నా అంటరేమో అని పేపరు మడత పెట్టిన. మన పిల్లలు మన బాధ మీదనే రాయాలని, నక్షత్రాల మీద రాయొద్దని ఎవరు చెప్పిండ్రు? ఏ వస్తువు మీదనైనా రాసే హక్కు, మొదలుపెట్టే హక్కు, మొదలుపెట్టి తప్పులు రాసే హక్కు కూడా మనకు కావాలె. అగ్రవర్ణం పిల్లగాడు పది చెత్త కవితలు రాసి పదకొండోది మంచిది రాస్తడు. మన పిల్లగాని మొదటి కవితకే తీర్పు చెప్తరు.

ఇంకో ప్రశ్న నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. నా ధైర్యం కోసం మా అవ్వ బతుకును బజార్ల పెట్టొచ్చునా? ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోకుండ బతికి నన్ను సారును చేసింది. 1978లో మరాఠీల దయా పవార్ ‘బలుత’ వచ్చినప్పుడు, చదువుకుని పైకొచ్చిన దళితుల్లోనే కొందరు మన ఇంటి సంగతులు బయట పెట్టుడెందుకని అన్నరు. 1992లో తమిళంల బామ ‘కరుక్కు’ వచ్చినప్పుడు ఆమె సొంత ఊరోళ్లే కోపం చేసిండ్రు, కొన్నాళ్లు ఆమె ఊళ్లెకు పోలేకపోయింది. వాళ్ల కోపం ఉత్తది కాదు. అప్పటిదాకా మన గురించి బయటోళ్లు రాసినప్పుడల్లా మనకు అవమానమే మిగిలింది. అందుకే కాగితం అంటేనే మనోళ్లకు అనుమానం.

నేను అవ్వను అడిగిన. రాసింది చదివి వినిపిచ్చిన. ‘నా ముచ్చట ఎవలు సదువుతరు కొడుకా? కైకిలి ఇస్తరా?’ అన్నది. ఇయ్యరవ్వా అన్న. ‘మరెందుకు?’ అన్నది. నా దగ్గర జవాబు లేదు. కొద్దిసేపు ఊకుండి, ‘రాస్తె రాయి. గని ఏడ్చిందని రాయకు. నేను ఏడ్వలె. గుత్తేదారు నెల పైసలు పట్టుకుంటే గేటు కాడ కూసున్న. ఇచ్చినంకనే లేసిన. గది రాయి’ అన్నది.

నేను అంతకు ముందే ఏడ్చిందని రాసి ఉన్న. ఏడిస్తేనే చదివేవాళ్లకు నచ్చుతదని నాకు ఎక్కడో ఉంది. ఆ ముక్కను కొట్టేసిన. నా రాత మీద నేను ఎర్రకలం సరిగ్గ వాడింది ఆ ఒక్కసారే. మనవాళ్ల గురించి రాసే హక్కు పుట్టుకతో పూర్తిగ రాదు. వాళ్లకు చదివి వినిపిచ్చి, వాళ్లు కొట్టేయమన్నది కొట్టేసినంకనే వస్తది.

‘మరి పిల్లలకు పరీక్షభాష వద్దా సార్’ అని తోటి పంతుళ్లు అడుగుతరు. కావాలె. పరీక్షభాష రాకపోతే మన పిల్లల నోట్లనే మన్ను పడుతది, ఆ సంగతి నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? రెండూ నేర్పుతున్న. కాని పిల్ల రాసిన పేజీ మీద గీత కొట్టను. పరీక్షకు ఎట్ల రాయాల్నో వేరే కాగితం మీద రాసి చూపిస్త. ఆమె పేజీ ఆమెకు ఉంటది.

ఆ పిల్ల ఇంటర్‌కు పోయేటప్పుడు బోనఫైడ్ కోసం వచ్చింది. భాషా దినోత్సవం నాడు రాసిన కాగితం ఉందా అని అడిగిన. ‘పాత నోటుబుక్కులతోని పాతసామాన్లాయనకు ఏసినం సార్’ అన్నది. మళ్లా రాస్తవా అన్న. ‘ఏం రాసిన్నో యాది లేదు సార్’ అన్నది. నాకు యాది ఉంది. ఒక పేజీ మొత్తంల నేను ఎర్రగీతలు కొట్టిన ఆ రెండు వాక్యాలే యాది ఉన్నయి. మిగతా పేజీల ఏముండెనో ఇగ ఎవరికీ తెలియదు. ఆ రెండు వాక్యాలు ఆమెకు చెప్పిన. ‘అవి తప్పులు కావు. తప్పు నేను చేసిన’ అన్న. తల వంచుకుని నిలబడ్డది. పోయేటప్పుడు గడప కాడ ఆగి, ‘చెల్లె ఇప్పుడు తింటది సార్’ అన్నది.

ఆ వాక్యం ఆమెది. ఆమెను అడిగే ఇక్కడ రాసిన.